అంకెల అమానత్: పాత కంప్యూటరు నుంచి స్వచ్ఛమైన స్వరం

దాతలు మన సంస్థకు ఇచ్చే వస్తువుల్లో వాడిన కంప్యూటర్లు ఎక్కువ. దుకాణాలూ ఆఫీసులూ కొత్తవి కొనుక్కున్నప్పుడు పాతవి పిల్లలకు పనికొస్తాయని మనకు పంపుతారు. టైపు నేర్పడానికి, లెక్కలు చేయించడానికి, పాఠాలు చూపించడానికి అవి చక్కగా పనికొస్తున్నాయి. వినిపించే పాఠాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కు వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకోగానే సన్నగా బుస, మౌస్ కదిపితే కిచకిచ, వెనకాల ఎడతెగని హోరు. ఇది చూసిన దాతలు కొందరు "ఇవి తీసేయండి, కొత్తవి కొందాం, మేము ఇస్తాం" అంటున్నారు. ఆ మాట వెనుక ఉన్న మనసుకు అల్లాహ్ మంచి ప్రతిఫలం ఇవ్వాలి. అయినా, కొనే ముందు జబ్బు ఎక్కడుందో చూడటం మంచిదని మా ఉపాధ్యాయుల అభిప్రాయం.

చూస్తే ఆ జబ్బు యంత్రమంతటా లేదు. శబ్దం బయటికి వచ్చే ఆఖరి మెట్టులో ఉంది. ఆ మెట్టుకు ముందే శబ్దాన్ని అంకెల రూపంలో బయటికి తీసుకుని, బయట ఉన్న చిన్న పరికరానికి అప్పగిస్తే చాలు. కొత్త కంప్యూటరు ఖరీదులో చిన్న భాగంతో పని జరుగుతుంది. అదెలాగో, ఎందుకో, ఎంతవరకో ఈ వ్యాసంలో విడమరిచి చెబుతాం. మీ సొమ్ము ఏ తీగలోకి, ఏ చిప్‌లోకి వెళ్తోందో మీకు తెలిసి ఉండాలి కదా.

చెవి మీద ఆధారపడిన చదువు

ఈ బుస ఒక చిన్న విషయమని అనిపించవచ్చు. తజ్వీద్ తరగతిలో కూర్చుంటే అలా అనిపించదు. మన ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలో సీన్, సాద్, సే మూడింటినీ ఒక్కలాగే "స" అంటాం. అరబ్బీలో అవి మూడు వేర్వేరు అక్షరాలు. సే మఖ్రజు వేరు, సీన్, సాద్‌ల మఖ్రజు ఒకటే అయినా పలికే తీరు వేరు. దక్కనీ మాట్లాడేవాళ్ళం ఖాఫ్‌ను కూడా ఖే లాగే పలుకుతాం. పిల్లలకు ఈ తేడా పుస్తకంతో రాదు, చెవితోనే రావాలి. ఉస్తాద్ ఎదురుగా ఉన్నప్పుడు ఆయన నోటి నుంచి వింటారు. ఆయన లేని వేళల్లో రికార్డు విని మళ్ళీ మళ్ళీ పలికి చూసుకుంటారు.

ఇలాంటి "స" కార ధ్వనులకు ప్రాణమంతా ఎక్కువ పౌనఃపున్యాల్లో, సుమారు 4,000 హెర్ట్జ్‌ల పైన ఉంటుంది. పాత టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల వరకే మోసేది. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు "స"నా "ఫ"నా అని అవతలివారు రెట్టించి అడిగేవారు. కంప్యూటరు బుస కూడా సరిగ్గా ఆ పై భాగంలోనే కూర్చుంటుంది. అంటే పిల్లలు పోల్చుకోవలసిన తేడా ఎక్కడుందో బుస అక్కడే దాన్ని కప్పేస్తోంది.

చూపు లేని పిల్లల సంగతి మరీ ముఖ్యం. ఎన్.వి.డి.ఏ. అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది. దానితో వచ్చే ఈ-స్పీక్ గొంతుకు తెలుగు కూడా వచ్చు. అలవాటు పడిన పిల్లలు దాన్ని మనకు అర్థంకానంత వేగంగా పెట్టుకుని వింటారు. మనం కంటితో పేజీ తిరగేసినట్టే అది. రోజుకు మూడు నాలుగు గంటలు చెవిలో హోరు ఉంటే వాళ్ళు ఎంత అలసిపోతారో ఊహించండి. మసకబారిన అద్దాలతో చదవమని ఒక పిల్లవాణ్ణి మనం కూర్చోబెట్టం. ఇదీ అంతే.

గొంతు అంకెలుగా మారే తీరు

కంప్యూటరులో గొంతు దాగి ఉండదు, అంకెలు దాగి ఉంటాయి. గొంతు గాలిలో ఒక అల. ఆ అల ఎత్తును క్షణంలో ఎన్నోసార్లు కొలిచి రాసుకుంటే అంకెల వరుస తయారవుతుంది. ఆసుపత్రిలో నర్సు గంటగంటకూ జ్వరం చూసి చార్టులో చుక్కలు పెట్టినట్టు అనుకోండి. సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి తెచ్చి, 1982లో బజారుకు వచ్చిన సి.డి.లో ఈ కొలత సెకనుకు 44,100 సార్లు జరుగుతుంది. మనిషి చెవి వినగలిగేది సుమారు 20,000 హెర్ట్జ్‌ల వరకు. దానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువసార్లు కొలిస్తే అల ఆకారం మొత్తం తిరిగి రాబట్టవచ్చని గణితం చెబుతుంది.

ఒక్కో కొలతను 16 బిట్లతో రాస్తారు. బిట్ అంటే సున్నా గాని ఒకటి గాని. 16 బిట్లతో 65,536 మెట్లు రాయవచ్చు. 24 బిట్లతో అయితే 1,67,77,216 మెట్లు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి కాబట్టి 44,100ను 16తోనూ 2తోనూ గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు.

ఈ అంకెలను తిరిగి విద్యుత్ అలగా మార్చే పరికరం పేరు డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్. పొట్టిగా డాక్ అంటారు. ప్రతి సౌండ్ కార్డులోనూ, ప్రతి ఫోనులోనూ ఒక డాక్ ఉంటుంది. కార్డు లోపల కాకుండా వేరే పెట్టెలో ఉంటే దాన్ని బయటి డాక్ అంటాం.

పాడయ్యేది ఎక్కడ

హైస్కూలు పిల్లలకు చెప్పే ఒక చిన్న లెక్కతో ఇది తేలిపోతుంది. 2 వోల్టుల పరిధిని 65,536 మెట్లుగా విడదీస్తే ఒక్కో మెట్టు సుమారు 30 మైక్రోవోల్టులు. అంటే వోల్టులో లక్షకు మూడు వంతులు. అదే పెట్టెలో పవర్ సప్లయి, హార్డ్ డిస్క్, ఫ్యాను, ప్రాసెసర్ అన్నీ తిరుగుతుంటాయి. కంప్యూటరు పవర్ సప్లయిలకు ఉన్న ఏ.టి.ఎక్స్. ప్రమాణం 12 వోల్టుల లైనులో 120 మిల్లీవోల్టుల వరకు, 5 వోల్టుల లైనులో 50 మిల్లీవోల్టుల వరకు అలజడిని అనుమతిస్తుంది. 50 మిల్లీవోల్టులు అంటే మన 30 మైక్రోవోల్టుల మెట్టు కంటే 1,600 రెట్లకు పైన. కార్డు మీద వడపోత భాగాలు ఉన్నా, చవక బోర్డుల్లో ఆ అలజడి కొంత అలలోకి చేరనే చేరుతుంది. మౌస్ కదిపితే చెవిలో కిచకిచ రావడానికి కారణం ఇదే.

ఇదే అలజడి అంకెలను ఏం చేస్తుంది? సాధారణంగా ఏమీ చేయదు. అంకెల తీగలో 0.8 వోల్టుకు తక్కువ ఉంటే సున్నా, 2 వోల్టులకు ఎక్కువ ఉంటే ఒకటి. మధ్యలో 50 మిల్లీవోల్టులు అటూ ఇటూ ఊగినా సున్నా సున్నాగానే, ఒకటి ఒకటిగానే చదువుతారు. కాటాలో తూచిన బియ్యం దారిలో నాలుగు గింజలు రాలినా తక్కువవుతాయి. చీటీ మీద రాసిన "పది కిలోలు" అన్న మాట మాత్రం చీటీ కాస్త నలిగినా పది కిలోలే.

కాబట్టి సూత్రం ఒక్కటే. అంకెలు అంకెలుగా ఉన్నంతసేపు ఆ పెట్టెలో క్షేమంగా ఉంటాయి. అలగా మారిన మరుక్షణం నుంచి ప్రమాదం. ఆ మార్పును పెట్టె బయట, ప్రశాంతమైన చోట జరిపిస్తే రికార్డు చేసినవారు అప్పగించిన అమానత్ చెక్కుచెదరకుండా పిల్లల చెవికి చేరుతుంది.

ముందు తలుపు ఉందేమో చూడాలి

టంకం కర్ర పట్టుకునే ముందు యంత్రం వెనుక ఒకసారి చూడాలి. చాలా కంప్యూటర్లలో అంకెలు బయటికి రావడానికి తలుపు ముందే ఉంటుంది. దాని పేరు ఎస్/పి.డి.ఐ.ఎఫ్. ఇదీ సోనీ, ఫిలిప్స్ పేర్లతో వచ్చినదే. అది రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి టీవీ వెనుక ఉండే గుండ్రటి ఆర్.సి.ఏ. సాకెట్. రెండోది చదరపు మూత ఉన్న చిన్న రంధ్రం, లోపల ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. 1983లో తోషిబా తెచ్చిన ఈ వెలుగు తీగను టాస్‌లింక్ అంటారు. ఈ రెంటిలో ఏది ఉన్నా ఒక తీగ, ఒక బయటి డాక్ తగిలిస్తే పని అయిపోయింది.

వెనుక సాకెట్ లేకపోయినా మదర్‌బోర్డు మీద ఎస్/పి.డి.ఐ.ఎఫ్. అవుట్ అని రాసిన రెండు, మూడు లేక నాలుగు పిన్నులు ఉండవచ్చు. తయారీదారు సాకెట్ ఖర్చు మిగుల్చుకుని పిన్నులు వదిలేస్తాడు. బోర్డు మాన్యువల్ చూసి ఏది సంకేతం, ఏది గ్రౌండ్, ఏది 5 వోల్టులు అని రూఢి చేసుకుని టాస్‌లింక్ పంపే చిన్న ముక్కను వాటికి కలపవచ్చు.

ఆ పిన్నుల నుంచే మామూలు రాగి తీగతో తీసుకోవాలంటే ఒక జాగ్రత్త ఉంది. ప్రమాణం ప్రకారం తీగలో సంకేతం సుమారు అర వోల్టు ఉండాలి, తీగ 75 ఓములది కావాలి. పిన్ను దగ్గర మాత్రం చాలా బోర్డుల్లో 5 వోల్టుల స్థాయి ఉంటుంది. 374 ఓముల నిరోధకం వరుసలో, 91 ఓములది గ్రౌండుకు అడ్డంగా పెడితే అర వోల్టు దగ్గరికి వస్తుంది. ఓమ్ నియమం చదివిన పదో తరగతి పిల్లలు కాగితం మీద ఈ లెక్క సరిచూడగలరు. బజారులో 374 దొరక్కపోతే 390 పెట్టినా తేడా స్వల్పం. పిన్ను దగ్గర 3.3 వోల్టులే ఉంటే లెక్క మళ్ళీ వేసుకోవాలి.

ఈ తలుపులేవీ లేకపోతే మూడో సులువు దారి యు.ఎస్.బి. డాక్. పి.సి.ఎం. 2704 వంటి చిప్‌తో వచ్చే చిన్న పెట్టెలు యు.ఎస్.బి. సాకెట్‌లో పెట్టగానే పనిచేస్తాయి. సౌండ్ కార్డును ముట్టుకునే పనే లేదు. మంచి యు.ఎస్.బి. సాకెట్ ఉన్న ప్రతి యంత్రానికీ మేము మొదట చెప్పేది ఇదే.

తలుపు లేని కార్డు: మూడు తీగల సంగతి

మరీ పాత యంత్రాల్లో యు.ఎస్.బి. సరిగా పనిచేయదు, పిన్నులూ ఉండవు. అలాంటి వాటిలో వేరుగా గుచ్చిన మంచి సౌండ్ కార్డు ఉంటే అంకెలను కార్డు మీది చిప్ కాళ్ళ దగ్గరే అందుకోవచ్చు. అన్ని కార్డులకూ ఇది కుదరదు. చవక కార్డుల్లోనూ మదర్‌బోర్డుల్లోనూ డాక్ మరో పెద్ద చిప్ కడుపులో కలిసి ఉంటుంది. అక్కడ తీగ కలిపే చోటే ఉండదు. డాక్ విడిగా, సాకెట్ల దగ్గర చిన్న చిప్‌గా ఉన్న కార్డు అయితేనే ఈ పని.

ఆ చిన్న చిప్‌కు అంకెలు చేరే పద్ధతిని ఫిలిప్స్ సంస్థ 1986లో ప్రమాణంగా ప్రకటించింది. పేరు ఐ-స్క్వేర్డ్-ఎస్. అందులో మూడు తీగలు ఉంటాయి. తరగతిలో డ్రిల్లు చేయించే పద్ధతితో పోలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటిది బిట్ గడియారం. "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అని లయ చెప్పే గొంతు ఇది. ఒక్కో దెబ్బకు ఒక్కో బిట్ అడుగు వేస్తుంది. సాధారణంగా ఒక్కో నమూనా జతకు 64 దెబ్బలు. 44,100ను 64తో గుణిస్తే సెకనుకు 28,22,400 దెబ్బలు.

రెండోది పదం గడియారం. "ఇప్పుడు ఎడమ, ఇప్పుడు కుడి" అని చెప్పేది ఇదే. తీగ కిందికి దిగితే ఎడమ చెవి అంకె, పైకి లేస్తే కుడి చెవి అంకె. ఇది సెకనుకు సరిగ్గా 44,100 సార్లు తిరుగుతుంది.

మూడోది అంకెల తీగ. అసలు సరుకు ఇందులోనే వస్తుంది, పెద్ద విలువ ఉన్న బిట్ ముందు వస్తుంది.

కొన్ని చిప్‌లకు నాలుగోదిగా ఇంకా వేగమైన మూల గడియారం కావాలి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పి.సి.ఎం. 5102ఏ వంటి డాక్‌లు ఆ గడియారాన్ని తమలో తామే తయారుచేసుకుంటాయి. అందుచేత వాటికి మూడు తీగలూ, గ్రౌండూ చాలు. ఈ చిప్ బిగించిన చిన్న పలకలు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో అడిగి తెచ్చుకోవచ్చు.

ఏ కాలు ఏదో ఊహించి తీగ పెట్టకూడదు. చిప్ మీది పేరు భూతద్దంతో చదివి, తయారీదారు డేటాషీట్ తెచ్చి, కాళ్ళ వరుస చూసి, ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాలి. అదే షీట్‌లో అంకెలు ఏ పద్ధతిలో వస్తున్నాయో కూడా ఉంటుంది. ఐ-స్క్వేర్డ్-ఎస్‌లో పదం గడియారం మారిన ఒక దెబ్బ తర్వాత అంకె మొదలవుతుంది. ఎడమకు సర్దిన పద్ధతిలో వెంటనే మొదలవుతుంది. కుడికి సర్దిన పద్ధతిలో చివరకు ఆనుకుని ఉంటుంది. పంపేది ఒక పద్ధతి, అందుకునేది మరొకటి అయితే గరగర తప్ప మాట వినిపించదు. పి.సి.ఎం. 5102ఏలో ఐ-స్క్వేర్డ్-ఎస్, ఎడమకు సర్దినది, ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవడానికి ఒక కాలు ఇచ్చారు.

వోల్టులూ, తీగ పొడవూ

పాత కార్డులు చాలావరకు 5 వోల్టుల కాలానివి. ఇప్పటి డాక్ చిప్‌లు 3.3 వోల్టులవి. నేరుగా కలిపితే చిప్ పాడవుతుంది. మధ్యలో 74 ఎల్.వి.సి. 125 వంటి బఫర్ చిప్ పెట్టి దానికి 3.3 వోల్టులు ఇస్తే సరి. ఆ జాతి చిప్‌లు 5 వోల్టుల సంకేతాన్ని తట్టుకుని 3.3 వోల్టులుగా అందిస్తాయి.

తీగలు పొట్టిగా ఉండాలి, జానెడు దాటకూడదు. మూడింటి పొడవూ సమానంగా ఉండాలి. ప్రతి సంకేతం తీగ పక్కనే ఒక గ్రౌండ్ తీగ నడవాలి. బయలుదేరే చోట 33 నుంచి 100 ఓముల లోపు నిరోధకం వరుసలో పెడితే సంకేతం గోడకు కొట్టిన బంతిలా వెనక్కి రాకుండా కుదుటపడుతుంది. అంకె సరైనదైతే చాలదు, సరైన సమయానికి కూడా రావాలి. గడియారం తడబడితే అంకెలన్నీ ఒప్పే అయినా అల వంకర పోతుంది. దీన్నే జిట్టర్ అంటారు. తీగ పొట్టిగా ఉండాలనడం అందుకే. ఇంకా దూరం పోవాలంటే ఎస్/పి.డి.ఐ.ఎఫ్. రూపంలోకి మార్చి పంపాలి గాని ఈ మూడు తీగలనే సాగదీయకూడదు.

డాక్‌కు కరెంటు కంప్యూటరు నుంచి తీసుకోకూడదు. తీసుకుంటే మనం తప్పించుకున్న అలజడి ఇంకో దారిలో వస్తుంది. వేరే మంచి అడాప్టర్ పెట్టి, ముందు డాక్, తర్వాత కంప్యూటరు వేయాలి.

ఇక 50 హెర్ట్జ్‌ల హోరు. కంప్యూటరు ఒక ప్లగ్గు నుంచి, ఆంప్లిఫయర్ ఇంకో ప్లగ్గు నుంచి ఎర్త్ తీసుకుని, వాటిని ఆడియో తీగ కూడా కలిపితే ఒక వలయం ఏర్పడి మన కరెంటు హోరు అందులో తిరుగుతుంది. వెలుగు తీగ అయితే ఆ వలయం తెగిపోతుంది, ఎందుకంటే అందులో కరెంటే పోదు. రాగి తీగలైతే ఆంప్లిఫయర్‌నూ కంప్యూటరునూ ఒకే ప్లగ్గు పలకకు పెట్టాలి, లేదా డిజిటల్ ఐసోలేటర్ చిప్ వాడాలి. ఎర్త్ పిన్ను తీసేసి హోరు ఆపడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. అది పిల్లల ప్రాణాలతో ఆట.

ఈ టంకం పని చేయి తిరిగిన వ్యక్తే చేయాలి. యంత్రం ప్లగ్గు పీకి, లోహపు చట్రాన్ని తాకి ఒంటిలోని స్థిర విద్యుత్తు వదిలించుకుని మొదలుపెట్టాలి. పవర్ సప్లయి పెట్టెను విప్పకూడదు. పిల్లలు చూసి నేర్చుకోవచ్చు, చేయి పెట్టకూడదు.

బాగుపడిందా లేదా

మన డబ్బు పెట్టాం కాబట్టి బాగున్నట్టే అనిపించడం మనిషి నైజం. అందుకని మా దగ్గర రెండు పరీక్షలు పెట్టుకున్నాం, ఎవరైనా చేసి చూడవచ్చు.

మొదటిది నిశ్శబ్ద పరీక్ష. ఏదీ వినిపించకుండా ఆపి, ఆంప్లిఫయర్ శబ్దం పెంచి, హెడ్‌ఫోన్ బల్ల మీద ఉంచి, మౌస్ కదిపి, ఒక పెద్ద ఫైలు తెరిచి చూడాలి. పాత సాకెట్‌లో వచ్చే కిచకిచ కొత్తదానిలో రాకూడదు. రెండోది పేరు చెప్పని పరీక్ష. ఒకే పారాయణాన్ని పాత దారిలోనూ కొత్త దారిలోనూ, ఏది ఏదో చెప్పకుండా, ఒకే శబ్ద స్థాయిలో వినిపించి, విన్నది సీనా సాదా అని పిల్లలచేత రాయించాలి. ఎవరి అభిప్రాయమూ అడగనక్కరలేదు, సరైన జవాబులు లెక్కపెడితే చాలు. తేడా రాకపోతే ఆ యంత్రానికి డాక్ అక్కరలేదు. దాన్ని ఇంకో యంత్రానికి ఇవ్వవచ్చు.

సాఫ్ట్‌వేర్‌లో రెండు సంగతులు సరిచేసుకోవాలి. ఇంటెల్ 1997లో తెచ్చిన ఏ.సి. 97 పద్ధతి కార్డులు సెకనుకు 48,000 నమూనాల మీద నడుస్తాయి. 44,100తో చేసిన రికార్డును వాటిలో చాలా కార్డులు మళ్ళీ లెక్కగట్టి మారుస్తాయి. ఆ మార్పు నాసిరకంగా జరిగితే స్వరం గరుకవుతుంది. సెట్టింగుల్లో 44,100 ఎంచుకునే వీలుంటే ఎంచుకోవాలి. రెండోది, కంప్యూటరులో వాల్యూమ్ పూర్తిగా పెట్టి, తగ్గించే పని ఆంప్లిఫయర్ దగ్గర చేయాలి. కంప్యూటరులో శబ్దాన్ని సగానికి తగ్గించిన ప్రతిసారీ 16 బిట్లలో ఒక బిట్ ఖర్చవుతుంది.

డాక్ పలకకు హెడ్‌ఫోన్ నేరుగా తగిలించకూడదు. మధ్యలో హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ ఉండాలి, దాని పై హద్దు పెద్దవాళ్ళు నిర్ణయించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు సూచించిన హద్దు 75 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. బుస పోయిన తర్వాత తక్కువ శబ్దంలోనే మాట స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి, పిల్లలు తమంతట తామే వాల్యూమ్ తగ్గించుకోగలరు. చెవులకు ఇది అదనపు మేలు.

డాక్ చేయలేని పనులు

రికార్డులోనే ఉన్న లోపాన్ని డాక్ తీయలేదు. ఈజిప్టు ఖారీ షేఖ్ మహమూద్ ఖలీల్ అల్-హుసరీ 1960ల ఆరంభంలో చేసిన పూర్తి ఖుర్ఆన్ పారాయణం నేటికీ తజ్వీద్ విద్యార్థులకు దారిదీపం. అది టేపు మీద చేసినది కాబట్టి టేపు బుస అందులో కొంత ఉండనే ఉంటుంది. దాన్ని డాక్ ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. ఒకరి నుంచి ఒకరికి ఫోన్లలో తిరిగి, మళ్ళీ మళ్ళీ కుదించిన ఎం.పి.3 ఫైలులో పోయిన వివరం కూడా తిరిగి రాదు. మంచి ఫైలు సంపాదించడం మంచి డాక్ కొనడం కంటే ముందు చేయవలసిన పని.

ఖరీదైన తీగలు కూడా అక్కరలేదు. బంగారు పూత, మందపాటి తొడుగు అని చెప్పి వేల రూపాయలకు అమ్మే డిజిటల్ తీగలు ఉన్నాయి. జానెడు దూరానికి, గది అంతటి దూరానికి ప్రమాణానికి సరిపోయే మామూలు తీగ చాలు. సున్నా సున్నాగా చేరిన తర్వాత దానికి బంగారంతో పనేముంది? అక్కడ పెట్టేది ఇస్రాఫ్ అవుతుంది. మిగిలిన సొమ్ముతో గదిలో ఫ్యాన్ చప్పుడు తగ్గించండి, కిటికీలకు మందపాటి తెరలు కట్టండి, చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు కొనండి. ఫలితం ఎక్కువగా వచ్చేది అక్కడే.

దాతలకు మా మనవి

జకాత్ సొమ్ముకు హక్కుదారులెవరో షరీఅత్ నిర్ణయించింది. అందుచేత ఇలాంటి పరికరాలకు జకాత్ పద్దు ముట్టకుండా, నఫిల్ సదఖాగా వచ్చిన దానితోనే ఖర్చు చేయాలన్నది మా పద్ధతి. మీరు ఇచ్చేటప్పుడు ఏ పద్దుకు ఇస్తున్నారో రసీదులో రాయించండి.

కంప్యూటరు ఇచ్చేవారు దాని మాన్యువల్, పవర్ తీగ, ఉంటే సౌండ్ కార్డు డబ్బా కూడా కలిపి ఇవ్వండి. మాన్యువల్‌లోని ఒక్క పేజీ మాకు ఒక పూట పని తగ్గిస్తుంది. మీ ఇంట్లో అటక మీద ఉన్న పాత సి.డి. ప్లేయర్లు, టాస్‌లింక్ తీగలు, పనిచేసే ఆంప్లిఫయర్లు పారేయకండి. టంకం పని వచ్చిన రేడియో మెకానిక్ సోదరులు నెలకు ఒక పూట వచ్చి కూర్చుంటే అది డబ్బుకు మించిన సదఖా. వారి పక్కన నిలబడి చూసిన పిల్లల్లో ఒకరిద్దరికి రేపు అదే బతుకుదెరువు కావచ్చు.

కొత్త కంప్యూటర్లు అసలే వద్దని మా మాటలకు అర్థం కాదు. బోర్డు కాలిపోయినవి, మరమ్మతుకు లొంగనివి మార్చవలసిందే. మాట వినిపించడం ఒక్కటే లోపమైతే మాత్రం యంత్రాన్ని నిందించకుండా, ఆ ఒక్క మెట్టునూ బాగుచేద్దాం. మిగిలిన ప్రతి రూపాయికీ మన పిల్లల్లో హక్కుదారులు ఉన్నారు.

మీరు ఇచ్చినదాన్ని అల్లాహ్ స్వీకరించాలి. మన పిల్లల చెవులకు మంచి మాట వినే భాగ్యాన్ని, నాలుకలకు దాన్ని సరిగా పలికే భాగ్యాన్ని ప్రసాదించాలి. ఆమీన్.